పెట్టెలో పడ్డ ‘ఆయ్’

పోయిన వారం శారోన్‌ని వీరన్నలంక చేనేత సంఘం మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, పిల్ల ఏప్రిల్ ఎండలో అలాగే ఉంది. సంతకం పెట్టడానికి తీసిన పెన్ను మూత కూడా పెట్టలేదు.

వెనక సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. బండారులంక దాటి కాలవగట్టు మీద మూడు కిలోమీటర్లు వెళితే వచ్చే ఈ వీరన్నలంకలో అరవై రెండు గుంట మగ్గాలున్నాయి. నేతగాడు గోతిలో కాళ్ళు దించి, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసే మగ్గాలు. వాటిని పూడ్పించి మర మగ్గాల షెడ్డు కట్టించాలని సంఘం ప్రెసిడెంటు గంగరాజు గారి పట్టుదల. సభ్యులందరి సమ్మతీ అడిగి రాసుకోవడానికి అమలాపురం నుంచి శారోన్ చేత కంప్యూటర్లో ప్రోగ్రాం రాయించారు. అరవై రెండు మందిలో యాభై ఎనిమిది మంది సరేనన్నారని లెక్క తేలింది. ఆ జాబితా కింద ‘జవాబులు సక్రమంగా నమోదైనవి’ అని శారోన్ సంతకం పెడితే, షెడ్డు మంజూరు కోసం కాగితం రెండున్నర బస్సులో అమలాపురం ఆఫీసుకి వెళ్ళిపోతుంది. గుంటలు పూడ్చడానికి ట్రాక్టరు ఇసుక అప్పుడే ఆఫీసు ముందు దిగింది కూడా.

సరిగ్గా ఆ ఇసుక పక్కనే అప్పన్న ఆమెకి ఎదురై ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“అమ్మాయిగారూ, నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?”

అప్పన్నకి అరవై దాటాయి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కోపమొస్తే ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాడు. అందుకే ఆ ‘అమ్మాయిగారూ’ శారోన్‌కి గుచ్చుకుంది. ఎప్పుడూ “ఏమ్మా శారోనూ” అని పిలిచేవాడు. ఆమె తల్లి ఎలీసమ్మ టీచరు ఆ ఊరి బళ్ళో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పింది. చిన్నప్పుడు శారోన్ సెలవు రోజుల్లో అప్పన్న మగ్గం పక్కనే కూర్చుని, ఆయన దారం కండె పెట్టిన నాడె అటూ ఇటూ విసురుతుంటే చూస్తూ ఉండేది.

“లోపలికి రండి బాబాయిగారూ, చూద్దాం” అంది.

లోపల కరెంటు ఉంది. ఆ వేళప్పుడు కరెంటుండడమే ఒక విశేషం. గంగరాజు గారు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని జాబితా మూడో ప్రతి సరిచూసుకుంటున్నారు. గుమాస్తా నాగసతీష్ కంప్యూటరు ముందు ఉన్నాడు. టైపు హయ్యరు ఫస్టుక్లాసులో పాసైనవాడు. అతని వేళ్ళు మాటకంటే ముందుంటాయని ఊళ్ళో పేరు.

“రామ్మా రా. సంతకం పెట్టేసి మజ్జిగ పుచ్చుకో” అన్నారు గంగరాజు గారు. వెనకే అప్పన్నని చూసి, “ఏం అప్పన్నా, నువ్వొచ్చేవేంటి?” అన్నారు.

“నా పేరు ఒప్పుకున్నోళ్ళలో ఉందన్నారండి. అది తీయించుకుందారని వచ్చేనండి.”

గంగరాజు గారు కళ్ళజోడు సవరించుకుని జాబితాలో వేలు దించారు. “పదిహేడో నంబరు. అప్పన్న. జవాబు: ఆయ్. ఇదిగో, నువ్వన్నమాటే ఉంది. మేం కల్పించి రాసిందేం కాదు.”

“ఆయ్ అన్నానండి. అనలేదని నేననడం లేదు. పిలిచేరు, పలికేను. దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?”

“ఆయ్ అంటే అవునని కాదూ?”

“అవునంటే అవునంటానండి. ఆయ్ అంటే ఆయ్ అండి.”

ఇక్కడ కోనసీమ బయటివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఈ ‘ఆయ్’ అనే రెండక్షరాలతో మా వాళ్ళు సంసారం మొత్తం నడిపేస్తారు. పిలిస్తే ఆయ్. చెప్పింది వినబడితే ఆయ్. వినబడకపోయినా, పెద్దవాళ్ళని మళ్ళీ చెప్పమనడం మర్యాద కాదు గనక ఆయ్. ఒప్పుకున్నా ఆయే, ఒప్పుకోకపోయినా ముఖం మీద కాదనలేక ఆయే. ఏది ఏ ఆయో పక్కనున్న మనిషికి ముఖం చూస్తే తెలుస్తుంది. కంప్యూటరుకి ముఖాలు చూసే అలవాటు లేదు.

శారోన్ మాత్రం ఆ మాట వినగానే జాబితా మీదికి వంగి పదిహేడో వరుస చూసింది. ఎందుకంటే ఆ ఆయ్‌ని అవునుగా మార్చింది గంగరాజు గారు కాదు, సతీష్ కాదు. తనే.

ఆమె ఆ ప్రోగ్రాం పైథాన్ అనే భాషలో రాసింది. జాబితాలు వెయ్యడం, లెక్కలు తేల్చడం దానికి మంచినీళ్ళ ప్రాయం. కానీ ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో మనిషి ముందు చిన్న పెట్టె తెరిచి, ఒక ప్రశ్న అడిగి, టైపు చేసిన జవాబు పుచ్చుకోవడం దానికి సులువుగా రాదు. ఆ విద్య అందులోనే పాతుకుపోయిన బేసిక్ అనే పాత భాషకి పుట్టుకతో ఉంది. ఇన్‌పుట్‌బాక్స్ అంటే అడుగుతుంది. మెసేజ్‌బాక్స్ అంటే చెబుతుంది. అందుకని శారోన్ బేసిక్‌లో మాక్రో అనే బుల్లి ప్రోగ్రాం ఒకటి రాసి, దాన్ని తన పైథాన్ చేత పిలిపించింది. పక్కింటివాళ్ళ నిచ్చెన అడిగి తెచ్చుకుని మన కొబ్బరిచెట్టెక్కినట్టు. అడిగే నోరు బేసిక్‌ది, ఆ జవాబుని అవునా కాదా అని తేల్చే బుర్ర పైథాన్‌ది. ఆ బుర్రలో ఏముండాలో రాసింది శారోన్.

మొదట్లో ఆ బుర్రకి తెలిసినవి రెండే మాటలు. అవును, వద్దు. మొదటిరోజు పొద్దున్నే సతీష్ ఫోన్ చేశాడు. “మేడమ్, అందరూ ఆయ్ అంటున్నారండి. టైపు చేస్తే ‘జవాబు అర్థం కాలేదు’ అని పెట్టె వస్తందండి” అన్నాడు. శారోన్ నవ్వుకుంది. మా ఊళ్ళవాళ్ళు ఇంతే అనుకుంది. సాయంత్రం వచ్చి, అవును పక్కన కామా పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో ఆయ్ అని చేర్చి వెళ్ళిపోయింది. అర నిమిషం పని. ఆ అర నిమిషంలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఆ అర నిమిషం తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

“సతీష్ గారూ” అంది. “ఆ రోజు మీరు ఎలా అడిగేరో, ఒక్కసారి అలాగే అడిగి చూపించండి. కొత్త షీటు మీద. పాతదాన్ని ముట్టుకోవద్దు.”

“ఎందుకమ్మా ఇప్పుడదంతా? బస్సు టైమవుతోంది” అన్నారు గంగరాజు గారు, జాబితాలోంచి తల ఎత్తకుండానే.

“సంతకం నాది కదండీ. చూసే పెడతాను.”

ఆయన ఊరుకున్నారు. మాట న్యాయమైనదే. సతీష్ సభ్యుల పేర్లు కొత్త షీటులోకి తెచ్చుకుని, మొదటి వరుస మీద పెట్టి, ప్రోగ్రాం నడిపాడు. తెర మధ్యలో బూడిదరంగు పెట్టె తెరుచుకుంది. దాని నిండా అక్షరాలు. సతీష్ గొంతు సవరించుకుని, బళ్ళో హాజరు పిలిచినట్టు చదివాడు.

“గంగరాజు గారూ...”

“ఆయ్” అన్నారు గంగరాజు గారు, కాగితంలో వేలు అక్కడే ఉంచి.

టకటక. ఎంటర్. సతీష్ వేళ్ళు మాటకంటే ముందుంటాయని చెప్పాను కదా. పెట్టె మూసుకుంది. ఇంకో పెట్టె తెరుచుకుంది. అతను దాన్నీ అదే గొంతుతో చదివేశాడు. “తమరి సమ్మతి నమోదైనదండీ. ధన్యవాదములు.”

గంగరాజు గారు నెమ్మదిగా తల ఎత్తారు.

“దేనికిరా నా సమ్మతి?”

సతీష్ శారోన్ వైపు చూశాడు. అప్పన్న తలపాగా తీసి ముఖం తుడుచుకునే వంకన నవ్వు దాచుకున్నాడు.

“ప్రశ్న పూర్తిగా చదవరా సతీష్ గారూ?” అంది శారోన్.

“చదువుదామనేనండి. గారూ అనగానే జవాబు వచ్చేస్తంది కదండీ మరి. జవాబొచ్చేక ఇంకా చదవడం బావుండదు కదండీ... బయట జనం నిలబడి ఉన్నారు. పిలవగానే పలకనోళ్ళు నలుగురైదుగురుంటే వాళ్ళకి మాత్రం పూర్తిగా చదివేను.”

శారోన్ ఆ పెట్టెలోని ప్రశ్న మళ్ళీ తెరిపించి చూసింది. తను రాసినదే. ‘గంగరాజు గారూ, తమరి ఇంటిలోని గుంట మగ్గమును పూడ్పించుకుని, సంఘము కట్టబోవు షెడ్డులో మర మగ్గమునకు మారుట తమరికి సమ్మతమేనా అండీ? గుంట పూడ్చిన పిమ్మట తిరిగి తవ్వుకొనుటకు వీలుండదని గమనించ ప్రార్థన. సమ్మతమైనచో అవును అనియు, కానిచో వద్దు అనియు సెలవీయండి.’

మొదట రాసినప్పుడు ప్రశ్నలో పేరు లేదు. ‘మీకు సమ్మతమేనా’ అని మాత్రమే ఉండేది. రాసింది తల్లికి చదివి వినిపిస్తే, ఎలీసమ్మ టీచరు ఒప్పుకోలేదు. “పేరెట్టి గారూ అనకుండా ప్రశ్న మొదలెడతావేంటే? ఆ పెట్టెకి మర్యాద నేర్పాల్సింది నువ్వు కావూ? రేపు నన్నంటారు, టీచరమ్మ కూతురికి మాట్లాడ్డం రాదని” అంది. శారోన్‌కీ నిజమేననిపించింది. ముందు పేరు చేర్చింది. పక్కన గారూ చేర్చింది. ఆ గారూ దగ్గరే ఊరంతా మర్యాదగా పలికింది. ఇరుపక్కలా మర్యాదకి లోటు రాలేదు. మధ్యలో ప్రశ్న ఎవరికీ వినబడలేదు. అంతే.

“నన్ను పిలిచేరు, పలికేను అన్నాను గదండీ ఇందాకా. నమోదైందంటే హాజరు పడిందనుకున్నానండి” అన్నాడు అప్పన్న. దెప్పినట్టు కాదు, గుర్తుచేసినట్టు.

గంగరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ సంగతి ఈ సీరియల్ మొదటి వారం నుంచీ చెబుతున్నాను, కొందరు పాఠకులు నమ్మడం లేదు. “సరేనమ్మా. ఇప్పుడు నేను పరధ్యాన్నంగా ఉండి పలికేను. ఆ రోజు అందరూ అలాగే పలికేరని ఏంటి ఋజువు? విని ఒప్పుకున్నవాళ్ళూ ఉంటారు కదా. ఇప్పుడు మళ్ళీ అడిగితే అప్పన్న మాట విని అటే తిరుగుతారు. గడువు ఇవాళే. ఈ షెడ్డు ఇవాళ పోతే మళ్ళీ మన ఊరి ముఖం చూసేదెవరు? మా నాన్న నలభై ఏళ్ళు గుంటలో కూర్చున్నాడు. ఆఖరి ఆరేళ్ళూ మోకాళ్ళు వంగక, మంచం దిగలేక, నా భుజం మీద వాలి నడిచేడు. ఆ గుంటలు నాకు గుంటల్లా కనపడవమ్మా, గోతుల్లా కనపడతాయి.”

ఆయన కళ్ళు చెమర్చాయి. శారోన్ తెర వైపు చూసింది. అప్పన్న మాత్రం మెల్లగా అన్నాడు.

“మీ నాన్నగారి బాధ నేనెరుగుదునండి. ఆయన దగ్గరే గదండీ పని నేర్చుకున్నాను. కానీ నా ఇంట్లో రెండు గుంటలున్నాయండి, పక్కపక్కనే. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో మా రామలక్ష్మి. ముప్పై నాలుగేళ్ళు. పొద్దున్నే అది దిగితే గానీ నేను దిగను. దాని నాడె చప్పుడు ఆగితే నా చెయ్యీ ఆగుతుంది. షెడ్డులో మర చప్పుడుకి మనిషి పిలిస్తేనే వినపడదంట గదండీ. నేనొద్దంటాను, అదీ ఒద్దంటుంది. అడగక్కర్లేదు.”

ఋజువు అన్న మాట శారోన్ తలలో తిరుగుతోంది. పాత షీటు తెరిచింది. సభ్యుల పేర్లు, జవాబులు, పైన వరుసగా ఏ, బీ, సీ, డీ. నాలుగు గళ్ళు. తర్వాతి గడి మీద ‘జీ’ అని ఉంది.

డీ తర్వాత జీ!

మధ్యలో ఈ, ఎఫ్ లేవు. తను దాచేసిన గళ్ళు! బేసిక్ మాక్రో రాసేటప్పుడు, కోర్సులో నేర్పిన అలవాటు కొద్దీ ఇంకో పని కూడా చేసింది. పెట్టె తెరిచే ముందు ఒకసారీ, మూశాక ఒకసారీ బేసిక్‌లోనే ఉన్న టైమర్‌ని పిలిచింది. అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెప్పే చిన్న ఫంక్షను అది. ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందేమో చూసుకుందామని ఆ రెండు అంకెలూ రెండు గళ్ళలో రాయించింది. అచ్చులో అడ్డమొస్తాయని తర్వాత దాచింది. ఆ తర్వాత పూర్తిగా మరిచిపోయింది. మరిచిపోయినా, అరువు తెచ్చుకున్న ఆ పాత భాష మాత్రం చెప్పిన పని చెప్పినట్టు రెండు రోజులూ చేసుకుపోయింది.

మౌసుతో ఆ గళ్ళు బయటికి తీసింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి, తేడా పక్కన వేయించింది.

“ఇదేంటమ్మా?” అన్నారు గంగరాజు గారు లేచి వస్తూ.

“పెట్టె తెరుచుకున్నాక జవాబు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అదండీ. సతీష్ గారూ, ఆ ప్రశ్న మొత్తం పైకి చదవండి. మామూలుగానే.”

గంగరాజు గారు తన చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. సతీష్ చదివాడు. ‘సెలవీయండి’ దగ్గరకొచ్చేసరికి పంతొమ్మిది సెకన్లు.

శారోన్ తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. “మూడు. రెండు. మూడు. నాలుగు. రెండు... బాబాయిగారూ, మీది మూడు.”

“ఎక్కువే తీసుకున్నానే” అన్నాడు అప్పన్న.

యాభై ఏడు మంది ఆయ్‌లు. ఒక్కటీ అయిదు సెకన్లు దాటలేదు. అందులో మొదటిది గంగరాజు గారిదే, మూడు సెకన్లు. ఆయన దాన్ని చూసి గడ్డం గోక్కున్నారు. “నేను నిజంగానే ఒప్పుకున్నాను కదమ్మా” అన్నారు.

“ఒప్పుకున్నారండి. వినకుండా ఒప్పుకున్నారు.”

వద్దన్నవాళ్ళు నలుగురు. ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై మూడు, ఇరవై రెండు. ప్రశ్న ఆఖరి దాకా విన్నవాళ్ళు వాళ్ళే. గంగరాజు గారు ఆ నాలుగు అంకెల మీద వేలు తిప్పారు. తర్వాత బల్ల మీద జాబితా మూడు ప్రతులూ తీసి, రెండుగా మడిచి, సొరుగులో పెట్టేశారు. శారోన్ తన పెన్నుకి మూత పెట్టింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడినట్టనిపించింది. ఆ క్షణంలో ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకి.

“గడువు పెంచమని ఫోను చేసి అడుగుతానులే” అన్నారాయన. “ఈసారి మనిషి మనిషినీ కూర్చోబెట్టి అడుగుదాం. ముందు ప్రశ్న, తర్వాత పేరు.”

“తమరు పెద్దవారండి” అన్నాడు అప్పన్న.

కథ ఇక్కడ ఆగితే ఎంత బావుండేది! నాకూ అదే ఇష్టం. కానీ లెక్క రావాలి కదా. యాభై ఏడూ నాలుగూ అరవై ఒకటి. మరి అరవై రెండోది?

అది కనిపెట్టినవాడు గంగరాజు గారే. లెక్కల మనిషి. “అమ్మా, ఒప్పుకున్నవాళ్ళు యాభై ఎనిమిది కదా. ఆయ్‌లు యాభై ఏడే ఉన్నాయి. ఇంకొకరేమన్నారు?”

శారోన్ షీటు కిందికి జరిపింది. పద్దెనిమిదో వరుస. జవాబు గడిలో ఆయ్ లేదు. ‘అవును’ అని ఉంది. దాని పక్కన అంకె నలభై ఒకటి.

నలభై ఒక్క సెకన్లు. ప్రశ్న రెండుసార్లు చదివేంత.

“ఆఁ, గుర్తొచ్చిందండి” అన్నాడు సతీష్ హుషారుగా. ఇంతసేపూ తిట్లు తిన్నట్టున్నవాడికి ఒక మంచి మాట చెప్పుకునే అవకాశం దొరికింది. “ఒకావిడ మటుకు ‘మళ్ళీ ఓసారి చదువు బాబూ’ అన్నారండి. రెండోసారి నిదానంగా చదివేను. అంతా విని, కాసేపాగి, అప్పుడు చెప్పేరు అవునని. మోకాళ్ళ మీద చేతులేసుకుని మరీ లేచేరండి పాపం.”

శారోన్ అప్పటికే పక్కగడిలోని పేరు చదివేసింది. చప్పున షీటు పైకి జరపబోయింది. జరపకుండానే మౌసు వదిలేసింది.

అప్పన్న నవ్వుతున్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వుతున్నవాడిలా నిండుగా నవ్వుతున్నాడు. ఆయనకి తెర మీది ఇంగ్లీషు అక్షరాలు రావు. “అరవై రెండు మందిలో చెవులున్న మనిషి ఒక్కళ్ళున్నారన్నమాట, ఒప్పుకున్నోళ్ళలో” అన్నాడు. “ఎవరమ్మా ఆ మహాతల్లి? దణ్ణం పెట్టొస్తాను.”

“బాబాయిగారూ, వేళ మించిపోయింది, భోజనానికి వెళ్ళండి. తర్వాత...”

“ఏం పర్లేదు, మా ఇంటిది కేకేస్తానంది. చెప్పమ్మా, ఎవరు?”

గంగరాజు గారు వంగి చూశారు. చూసి, నెమ్మదిగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

సతీష్‌కి మాత్రం తెర మీద ఏ అక్షరం కనబడ్డా పైకి చదవడం అలవాటు. శారోన్ కళ్ళతో ఆపబోయింది. కానీ అతను చూస్తున్నది తెరని. పేరు పక్కన గారూ చేర్చడం కూడా మరిచిపోలేదు.

“రామలక్ష్మి గారూ...”

బయట మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు. గుమ్మంలోంచి ఒక గొంతు పలికింది.

“ఆయ్.”